బడేసాహెబ్ కట్టిన తీగ

ఆగండాగండి, అప్పుడే లేచిపోకండి. ఒక్క పావుగంట ఇలా కూర్చుని నా మాట వినీసి వెళ్ళండి. ఇది ఇంతవరకూ ఒక్క మనిషికే చెప్పేను. ఆ మనిషి కాలు విరగ్గొట్టింది నేనే. కానీ విరగ్గొట్టింది తనేనని మా నాన్న అనుకుంటన్నాడు. ఆయనకి ఇప్పటికీ తెలీదు. తెలిస్తే ఏటవుతాదో అని నా భయం.

తొంభై ఐదు డిసెంబరు. వైజాగ్‌లో మా పాలిటెక్నిక్‌లో స్ట్రైకు పడింది, హాస్టల్ ఖాళీ చెయ్యమన్నారు, నేను పెట్టె పట్టుకుని చోడవరం బస్సెక్కేసేను. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు, మెకానికల్ సెకండియర్. క్లాసులో ఇద్దరే ఆడపిల్లలం, అందులో స్పానర్ సరిగ్గా పట్టుకోడం వచ్చింది నాకొక్కదానికే, అంచేత నాకు కాళ్ళు నేలమీద ఆనేవి కావు.

మాది దేవరాపల్లి రోడ్డులో ఊరు దాటేక రెండో మలుపు. చెరుకు సగం ఫ్యాక్టరీకి తోలతాం, సగం మా పాకలోనే బెల్లం వండుతాం. ఆ పాకకి ఆనుకునే రేకుల పంచలో నాన్న కారు. మా తాత హార్బర్లో పనిచేసే ఎవరో దొర ఊరెళ్ళిపోతుంటే కొన్న అమెరికా కారు. నల్లగా ఏనుగంతుంటాది, నా కంటే పాతికేళ్ళు పెద్దది. అందరూ బెల్లం లారీకి ఎక్కిస్తే మా నాన్న మాత్రం దిమ్మల్ని డిక్కీలో సర్దించుకుని, తెల్ల చొక్కా వేసుకుని, తనే తోలుకుంటూ అనకాపల్లి మార్కెట్‌కి వెళ్ళేవాడు. మార్కెట్లో అందరికీ ఆయన కారు బంగార్రాజు.

కానీ దాన్ని పొద్దున్నే స్టార్ట్ చెయ్యడం పెద్ద తంతు. బానెట్ ఎత్తి, కార్బొరేటర్ నోట్లో సీసాతో పెట్రోలు పొయ్యాలి. పొయ్యడానికి అడ్డమని దాని మీదుండే గాలి ఫిల్టర్ డబ్బా ఎప్పుడో తీసి అవతల పడేసేరు. పరదేశి పోస్తాడు, నాన్న తాళం తిప్పుతాడు. పరదేశి అంటే మా పాకలో పాకం వండే మనిషి, ముప్పై ఏళ్ళుగా మాతోనే ఉన్నాడు. నేను వచ్చిన మర్నాడే చూసేను, పోస్తండగా బుస్సుమని మూరెడు మంట లేచింది. పరదేశి మొహం వెనక్కి లాక్కున్నాడు గానీ కనుబొమ్మ ఒకటి కమిలిపోయింది.

"ఏటి పరదేశీ, ఈసారి మీసం కూడా ఇచ్చీసేవా?" అన్నాడు నాన్న లోపల్నించి.

"మీసం ఇవ్వలేను బాబూ, మా ఆడది గుర్తట్టదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. సీసా నిండా పెట్రోలు పట్టుకుని మంట ముందు నిలబడి జోకులేటండీ?

ఆ మధ్యాహ్నం నాన్న ఫ్యాక్టరీ ఆఫీసుకి వెళ్ళగానే బానెట్ ఎత్తి చూసేను. కారణం కళ్ళెదురుగానే ఉంది. చోక్. చోక్ అంటే మరేం లేదు, కార్బొరేటర్ నోటికి చిన్న రేకు మూత. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూత పడితే పెట్రోలు ఎక్కువ లాక్కుని టక్కున అందుకుంటాది. వేడెక్కేక మూత తెరుచుకోవాలి. మామూలు కార్లకి మనం బుడిపి లాగుతాం. దీనికి ఆటోమేటిక్. గడియారం స్ప్రింగులా ఒక చుట్ట ఉంటాది, చలికి బిగుసుకుని మూత వేస్తాది, వేడికి వదులై మూత తీస్తాది. మూత పడున్నంతసేపూ ఇంజను ఆగిపోకుండా స్పీడు పెంచి ఉంచడానికి పక్కన మెట్లు మెట్లుగా కోసిన చిన్న ఇనప ముక్క ఒకటుంటాది. వేడెక్కేక యాక్సిలేటర్ ఒకసారి తాటించితే, అంటే తొక్కి టక్కున వదిలేస్తే, ఆ ముక్క కిందికి జారిపోయి స్పీడు దిగిపోవాలి. ఎంత తెలివైన పనో చూడండి!

మా కారుకి ఆ మూత తెరిచి, కదలకుండా ఇనప తీగతో కట్టేసి ఉంది. కట్టింది బడేసాహెబ్. అనకాపల్లిలో షెడ్డు, మా తాత నాటినుంచీ మా కారు డాక్టరు ఆయనే. నాకు పదేళ్ళప్పుడు కట్టేడు, నాకు గుర్తే. ఎందుకు కట్టేడో మాత్రం అప్పుడు అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. ఈ పాతకాలం మెకానిక్కులకి ఆటోమేటిక్ అర్థం కాక కట్టేసుంటారులే అనుకున్నాను. నా దగ్గర జగదాంబ సెంటర్ ఫుట్‌పాత్ మీద కొన్న ఇంగ్లీషు రిపేరు పుస్తకం ఉంది మరి.

ఇంజను మీద చెయ్యేస్తే చెయ్యి విరగ్గొడతానని నాన్న అదివరకే చెప్పేడు. అయినా విప్పేసేను. పెట్రోల్లో బ్రష్షు ముంచి అంతా కడిగి, స్ప్రింగు పుస్తకంలో చెప్పినట్టు సర్ది, తీగ నా జామెట్రీ బాక్సులో పడేసేను.

మర్నాడు పరదేశి సీసా పట్టుకుని వచ్చీలోపే నాన్న తాళం తిప్పేడు. ఒక్క తిప్పుకే అందుకుంది! ముందు గట్టిగా రంకేసింది, రెండు నిమిషాలాగి నాన్న యాక్సిలేటర్ తాటించేసరికి దిగి బుద్ధిగా గొణుక్కోడం మొదలెట్టింది.

"మొన్న బడేసాహెబ్ కొత్త ప్లగ్గులేసేడు కదా. అదీ చెయ్యంటే!" అన్నాడు నాన్న.

నేను అరుగు మీద నిలబడి లోపల్లోపలే ఎగిరేను. ఇప్పుడే చెప్పకూడదు, వారం ఆగి చెప్పాలి, అప్పుడు ఏమంటాడో చూడాలి అనుకున్నాను. ఐదు రోజులు అలాగే గడిచేయి.

ఆరోరోజు మంచు బాగా పట్టింది. రోడ్డు మీద ఫ్యాక్టరీకెళ్ళే చెరుకు బళ్ళ గంటలు వినపడతన్నాయి గానీ బళ్ళు కనపడవు. ముందురోజు పొద్దుపోయేదాకా మూడు పాకాలు దించేరు, ఆ తియ్యటి ఆవిరి వాసన ఇంకా పంచలోనే ఉంది. నాన్న తాళం తిప్పేడు, కారు రంకేసింది. రెండు నిమిషాలయ్యేయి. తాటించేడు. దిగలేదు. మళ్ళీ తాటించేడు. దిగలేదు.

"చలెక్కువుంది కదా, రంకేస్తంది," అన్నాడు.

నేను వింటన్నాను. దిగాలి, దిగలేదు. అది నాకొక్కదానికే తెలుసు. నాన్నా ఆపు అందామని నోరు తెరిచేను. ఆపు అంటే ఎందుకంటాడు. ఎందుకంటే నేను తీగ విప్పేనని చెప్పాలి. ఇంకో నిమిషానికి దానంతటదే దిగిపోతాదిలే అనుకుని నోరు మూసేసుకున్నాను.

బెల్లం ఎక్కించాలంటే కారు వెనక్కొచ్చి, డిక్కీ పొయ్యి గట్టుకి మూరెడు దూరంలో ఆగాలి. వెనకాల, గట్టు పక్కన పరదేశి నిలబడి అరిచేత్తో డిక్కీ మీద తడతాడు. చిన్న చిన్న దెబ్బలైతే రమ్మని, గట్టిగా ఒక్కటేస్తే ఆగమని. నాన్న తల తిప్పి చూడనే చూడడు, ఆ చప్పుడు విని తోలతాడు, పదిహేనేళ్ళుగా అంతే. యాక్సిలేటర్ జోలికే పోడు. క్లచ్ మీద ఎడమకాలు ఒక్క పిసరు వదులుతాడు, కారు చీమలా కదులుతాది. ఆ పిసరు ఎంతో ఆయన కాలికి తెలుసు, కానీ అది ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పటి పిసరు.

టప్ టప్ టప్ అని పరదేశి తట్టేడు. నాన్న ఎప్పుడూ వదిలేంతే వదిలేడు.

కారు ఒక్క ఎగురు ఎగిరి వెనక్కి పోయింది. ఢామ్మంది. అది ఆగమన్న దెబ్బో, గట్టుకి గుద్దుకున్న దెబ్బో ఎవరికీ తెలీదు. ఇంజను ఆగిపోయింది. 

"బాబూ," అన్నాడు పరదేశి, దిమ్మలు కొంచెం జరపమని అడిగినంత నెమ్మదిగా. "బాబూ, కాస్త ముందుకి. కాస్త ముందుకి."

తాళం తిప్పడానికి నాన్న చెయ్యి రాలేదు. పాకలో ఉన్నోళ్ళు, నేను, అమ్మ అందరం కల్సి కారుని ముందుకి తోసేం. పరదేశి కుడికాలు మోకాలి కింద నుంచి వేరే మనిషి కాలిలా పక్కకి తిరిగిపోయి ఉంది. అమ్మ ఒక్క కేక పెట్టి తన చీర చెంగు చింపింది.  

రోడ్డు మీద వెళ్తన్న ఆటో ఆపి అనకాపల్లి ఆసుపత్రికి తీసుకెళ్ళేరు. తొడ దాకా కట్టు వేసేరు. ఎలా జరిగిందని డాక్టరు అడిగితే పరదేశే ముందు అందుకుని, "నాటుబండి మీంచి పడిపోనానండి," అన్నాడట. నాన్న పక్కనే ఉన్నాడు.

ఇంటికొచ్చేక నాన్న అరుగు మీద కూర్చుని ఎడమకాలు ముందుకి చాపుకుని దాన్నే చూస్తన్నాడు. అమ్మ కాఫీ తెచ్చింది.

"చిన్నతల్లీ, ఇంక నేను తోలను," అన్నాడు అమ్మతో. "కాలు నా మాట వినలేదు. యాబయ్యో ఏట్లోనే కాలు మాట వినకపోతే ఎలాగే?"

"ఏటా మాటలు? జారింటాది."

"జార్లేదు. ఎప్పుడూ వదిలినట్టే వదిలేను. అలాగని నేననుకున్నాను, కాలు ఇంకోలా అనుకుంది."

నేను గుమ్మం వెనకాల ఉన్నాను. నోటి దాకా వచ్చింది. నాన్న మొహం చూసేసరికి లోపలికి పోయింది. రేపు చెప్తాను అనుకున్నాను. మర్నాడూ అలాగే అనుకున్నాను.

మూడోరోజు లూనా వేసుకుని బడేసాహెబ్ వచ్చేడు. తెల్లగడ్డం, గళ్ళలుంగీ, చెవిలో పెన్సిలు ముక్క. నాన్న కారు దగ్గరికి రాలేదు, తాళం నాచేత పంపించేడు. బడేసాహెబ్ బానెట్ ఎత్తి వంగేడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు.

"బేటీ, ఇలా రా," అన్నాడు. 

ఐపోయింది అనుకున్నాను. 

"ఇక్కడ తీగుండాల. నేను కట్టేను. ఏదీ?"

నేనూ వంగి ఇంజన్లోకి చూసేను.

"తుప్పట్టి తెగిపోయింటాది," అన్నాడు తనలో తను. "రోడ్డు మీద ఎక్కడో రాలిపోయింది. యా అల్లా! ఎనిమిదేళ్ళ నాటి తీగ, మొన్న ప్లగ్గులేసినప్పుడు ఒక్కసారి లాగి సూసుకోలేదు. మూత పడిపోయింది, ఇంజను రేజయిపోయింది, అందుకే ఎగిరింది. మీ నాన్న కాలు కాదు బేటీ. నా సెయ్యి."

చేతికంటిన మసి లుంగీకి తుడుచుకున్నాడు. 

"మీ నాన్నకి నేనే సెప్తాను. ఇవాళ కాదు. సెప్పుకునే ధైర్యం రావాల. అప్పటిదాకా నువ్వు సెప్పకు, నీకు దండం పెడతాను."

డెబ్భై ఏళ్ళ మనిషి నాకు చేతులు జోడించేడండీ. తీగ నా బాక్సులో ఉంది. నేను తలూపేను.

మళ్ళీ తీగ కట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. "తీగని ఇంక నమ్మను, మళ్ళీ తెగితే?" అని అంతా విప్పి పెట్రోల్‌తో కడిగి, నూనెచుక్కలు వేసి బిగించేడు. మిట్టమధ్యాహ్నం ఎండలో పదిసార్లు స్టార్ట్ చేసేడు. పదిసార్లూ చెప్పినట్టు విన్నాది. "ఇప్పుడు బాగుంది," అని వెళ్ళిపోయేడు.

పరదేశిని చూడ్డానికి అమ్మ వెళ్తే, ఆయనేమో, "తప్పు నాదేనమ్మా, సెయ్యి ఒక్క రవ్వ ముందే గట్టిగా ఏసుండాల్సింది," అన్నాడట. చూసేరా? నాన్నది కాలు, బడేసాహెబ్‌ది తీగ, పరదేశిది దెబ్బ. ముగ్గురూ ఎవరి తప్పు వాళ్ళు పంచేసుకున్నారు. నాకేటీ మిగల్చలేదు. దాంతో నాకు భయం ఇంకా ఎక్కువైపోయింది.

ఆ వారమే మాడుగుల నుంచి సత్యారావు దిగేడు. బ్యాండు మేళం, షామియానాలు, పెళ్ళికార్లు, అన్నీ ఆయనవే. చేతిలో ఆ ఊరి పేరు చెప్తే అందరూ అడిగే హల్వా డబ్బా.

"వట్టి చేతుల్తో వెళ్తే మా ఊరోళ్ళు మళ్ళీ ఊర్లోకి రానివ్వరండి," అని డబ్బా అమ్మ చేతిలో పెట్టేడు. "బంగార్రాజుగారూ, మీరు కారు అమ్మేస్తన్నారని తెలిసి పరుగెట్టుకొచ్చేను. వచ్చే ఆదివారం దేవరాపల్లిలో పెళ్ళి. తెల్లారగట్ల ముహూర్తం, ఆరుకల్లా ఊరేగింపు. ఈ ఏనుక్కి పూలు కట్టేనంటే ఇంక నా సామిరంగా! ఒక్కటే సందేహం. ముందర కుర్రోళ్ళు డాన్సులు కడతారు. మనిషి నడక కన్నా నెమ్మదిగా పోతాదా ఇది?"

"చీమలా పోతాది," అన్నాడు నాన్న. "బండిలో ఏ దోషమూ లేదు. దోషం తోలేవాడిది."

నేను హల్వా ముక్క మళ్ళీ డబ్బాలో పెట్టేసేను. తెల్లారి ఆరు గంటలు. చలి ఇంజను. క్లచ్ పిసరు పిసరు వదుల్తూ డ్రైవరు, బంపరు ముందు మూరెడు దూరంలో డప్పుకి ఎగిరే కుర్రోళ్ళు.

బడేసాహెబ్ బాగుచేసేడు కదా అని ధైర్యం చెప్పుకున్నాను. అయినా మర్నాడు ఐదున్నరకి నాన్న బైటికెళ్ళగానే తాళం తీసుకుని వెళ్ళి స్టార్ట్ చేసేను. రంకేసింది, తాటించేను, దిగింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ రోజు పాకలో వంట మళ్ళీ మొదలెట్టేరు, పరదేశి లేకపోయినా చెరుకు ఆగదు కదా. ఆ మర్నాడు పొద్దున్న తాటించితే, దిగలేదు.

బానెట్ ఎత్తేను. మెట్ల ముక్క ఎక్కడిదక్కడ అతుక్కుపోయి ఉంది. పావుగంట ఇంజను కాగేక టిక్కుమని దానంతటదే జారింది. పెట్రోల్‌తో రుద్ది రుద్ది కడిగేను. మర్నాడు, మళ్ళీ అంతే. గోరుతో గీకితే ఎర్రటి గాజు పెంకులాంటిది ఊడొచ్చింది. అప్పటికి శుక్రవారం. పుస్తకం మొదట్నించి చివరిదాకా తిరగేసేను, అందులో ఇలాంటి ఎర్ర పెంకు గురించి ఒక్క ముక్క లేదు.

ఇంక ఆగలేక పరదేశి ఇంటికి పరుగెట్టేను. నాన్న రోజూ పొద్దున్నే ఎక్కడికెళ్తన్నాడో అప్పుడు తెలిసింది. పరదేశి ఇంటి గుమ్మంలో పీట మీద కూర్చుని ఆయనకి పేపరు చదివి వినిపిస్తన్నాడు. నన్ను చూసి మడత పెట్టి, "రేపొస్తాను పరదేశీ," అని లేచి వెళ్ళిపోయేడు.

పరదేశి మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. "రా పాపా. మీ నాన్న సదూతాడు గానీ సినిమా పేజీ ఒదిలేస్తాడు."

"పరదేశీ, కార్లో ఇది దొరికింది. మూడుసార్లు పెట్రోల్‌తో కడిగినా మర్నాటికి మళ్ళీ వస్తంది." నా గోటి కొసనున్న పెంకు చూపించేను.

ఆయన దాన్ని వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాడు! కళ్ళు మూసుకుని చప్పరించేడు.

"మొన్నటి పాకం," అన్నాడు. "సున్నం ఎక్కువడిపోనాది. నేను లేకపోతే ఆ ఎదవలు మడ్డి తేరడానికేసే సున్నం గుమ్మరించెస్తన్నారు."

 పాకం కాగే పెనం మీంచి లేచే ఆవిరి. పంచలో కారు. ఫిల్టర్ లేని కార్బొరేటర్, బెల్లం ఎక్కించినంతసేపూ ఆన్‌లోనే ఉండి ఆ ఆవిరిని పీల్చే ఇంజను. చలికి గట్టిపడి, వేడికి కరిగే బెల్లం. బడేసాహెబ్ తీగ ఎందుకు కట్టేడో అప్పటికి అర్థమైంది. ఏటి అడ్డం పడతందో ఆయనకీ అంతుపట్టక, కదిలే ముక్కనే కదలకుండా కట్టేసేడు.

"బెల్లం పెట్రోలుకి కరుగుతాదేటి పాపా?" పరదేశి నవ్వుతన్నాడు. "పెనం మేం దేంతో కడుగుతాం? ఏణ్ణీళ్ళు పొయ్యి."

ఆ నవ్వు చూసేసరికి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అక్కడే నేలమీద కూలబడి అంతా చెప్పేసేను. తీగ విప్పింది, చప్పుడు దిగలేదని తెలిసీ నోరు మూసుకుంది, బడేసాహెబ్ దండం పెడితే తలూపింది, అంతా.

పరదేశి నవ్వు ఆపేడు. కట్టు మీద అరిచెయ్యి పెట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుణ్ణు అనుకున్నాను.

"బాబుకి సెప్పేవా?"

"లేదు. ఇప్పుడెళ్ళి చెప్పేస్తాను."

"ఆగు."

గుమ్మంలో ఖాళీగా ఉన్న పీట కేసి చూసేడు.

"ముప్పై ఏళ్ళు ఆయన గుమ్మంలో నేను నిల్సున్నాను పాపా. కూకోమని ఆయనా అన్లేదు, నేనూ అడగలేదు. ఈ పదిరోజులూ ఆయన నా గుమ్మంలో కూకుంటన్నాడు. నా గ్లాసులో టీ తాగుతన్నాడు. నా పిల్లడు ఏ క్లాసని నిన్న అడిగేడు, ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ అడగలేదు. తప్పు తనది కాదని తెల్సిందనుకో, రేపట్నించి వొస్తాడంటావా?"

కట్టు మీద వేలితో తట్టేడు.

"కట్టు ఇప్పీదాకా ఆగు. ఒక్క నెల. నా కాలే కదా ఇరిగింది, నెలరోజులు అడక్కూడదేటి?"

శనివారం మధ్యాహ్నం వేణ్ణీళ్ళు కాచి కార్బొరేటర్ విప్పి పోసేను. ఎర్రటి నీళ్ళు కారేయి, తియ్యటి వాసన. ఆరబెట్టి బిగించేను. కారుని పాక పంచలోంచి తోయించి ఇంటి ముందు పెట్టించేను. ఆదివారం తెల్లారగట్ల మూడింటికి మంచులో స్టార్ట్ చేసి తాటించేను. దిగింది. ఆపి, చల్లారనిచ్చి మళ్ళీ చేసేను. మళ్ళీ దిగింది.

వెనక్కి తిరిగితే నాన్న. ఎంతసేపట్నించి నిలబడ్డాడో.

"ఎంత బాగా స్టార్టయింది!" అన్నాడు. బానెట్ మీద చెయ్యి వేసేడు, వెంటనే తీసేసేడు. "సంధ్యా, సత్యారావు వచ్చీలోపు ఒక్కసారి తోలి చూడమంటావా? రోడ్డు దాకా. ఎవరూ లేరు కదా." ఎడమకాలు కేసి చూసుకున్నాడు. "మళ్ళీ అలాగే చేస్తాదేమో?"

చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగేడండీ. చెయ్యదు నాన్నా, అప్పుడూ చెయ్యలేదు. ఈ ఒక్క మాట అంటే చాలు.

"వద్దులే నాన్నా," అన్నాను. "ఇచ్చేద్దాం."

సత్యారావుకి తాళం ఇస్తూ, పాకం వండే చోట కారు ఎప్పుడూ పెట్టకండి అని మూడుసార్లు చెప్పేను.

"మరి హల్వా బట్టీ పక్కన పెట్టొచ్చా?" అని నవ్వేడు.

"వద్దు," అన్నాను. నేను నవ్వలేదని చూసి ఆయనా ఆపేడు.

అమ్మతో పెళ్ళి చూసొస్తానని చెప్పి అదే కార్లో వెనక కూర్చుని దేవరాపల్లి వెళ్ళేను. ఊరేగింపు జరిగినంతసేపూ రోడ్డు పక్కన కారుకి సమానంగా నడిచేను. డప్పు మోగుతంది, కుర్రోళ్ళు బంపరుకి వీపు ఆనించి ఎగురుతన్నారు, నా చెవి మాత్రం ఇంజను చప్పుడు మీదే. కారు చీమలా నడిచింది. ఎవరికీ ఏటీ కాలేదు. 

జనవరి చివర్లో పరదేశి కట్టు విప్పేరు. స్ట్రైకు అప్పటికే అయిపోయింది, నేను వైజాగ్ నుంచి ఆదివారం వస్తే పాక దగ్గర కర్ర పట్టుకుని నడుస్తన్నాడు. నన్ను పక్కకి పిలిచేడు.

"నడక నాకొచ్చీసింది పాపా. నా నెల ఐపోనాది. ఇంక నీ ఇష్టం."

అదండీ అసలు భయం. అప్పటిదాకా పరదేశి వద్దన్నాడు కదా అని దాక్కున్నాను. ఇప్పుడు నన్నాపే మనిషి ఎవరూ లేరు. అయినా చెప్పలేదు. ఇవాళ తొంభై ఆరు నవంబరు, ఇంకా చెప్పలేదు.

నాన్న సైకిలు కూడా తొక్కడం మానేసేడు. బెల్లం లారీకి ఎక్కించి, తను బస్సులో వెళ్ళొస్తన్నాడు. మెట్టు దిగాలంటే ఎడమకాలు ముందు పెట్టడు. రోజూ పొద్దున్నే పేపరు చంకలో పెట్టుకుని పరదేశి గుమ్మానికి వెళ్తన్నాడు, సినిమా పేజీ కూడా చదువుతన్నాడట. బడేసాహెబ్ నాన్నకి చెప్పుకునే ధైర్యం ఇంకా తెచ్చుకోలేదు. ప్రతి శుక్రవారం నమాజయ్యేక వచ్చి పరదేశి కాలు నిమిరి వెళ్ళిపోతాడు. ఎవరి బండికీ తీగ అన్నది కట్టడం లేదట, షెడ్డు కూడా ఎత్తేస్తానంటన్నాడు.

రేపు మా పాకలో ఈ ఏటికి మొదటి పాకం దించుతాం. కొబ్బరికాయ కొట్టడానికి ముగ్గురూ వస్తారు. పెనం చుట్టూ నాన్న, పరదేశి, బడేసాహెబ్, ఎదురుగా నేను. చెప్తే నాన్నకి కాలు తిరిగొస్తాది, బడేసాహెబ్‌కి చెయ్యి తిరిగొస్తాది. కానీ ఆ గుమ్మంలో పీట ఖాళీ అవుతాదేమో, నాన్న నా మొహం ఇంక చూడడేమో. పొద్దున్న ఆరింటికి రమ్మన్నారు.

మీరైతే ఏటి చేద్దురు?